ఇంటి నిండా పాత కంప్యూటర్ పుస్తకాలు: ఏవి ఎవరికి చేరాలి?

ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో గానీ ఇంజినీరింగ్ కాలేజీలో గానీ పనిచేసి రిటైరైనవాళ్ల ఇంట్లో ఐదారు వందల కంప్యూటర్ పుస్తకాలు ఉండటం హైదరాబాద్‌లో వింతేమీ కాదు. ఇల్లు మారేటప్పుడో, పెద్దాయన పోయాక పిల్లలు వచ్చి ఫ్లాట్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడో వాటి సంగతి బయటికొస్తుంది. ఒకరు "ఏదైనా లైబ్రరీకి ఇచ్చేద్దాం" అంటారు. ఇంకొకరు "పాత పేపర్ల అతనికి వేసేద్దాం" అంటారు. లైబ్రరీ అన్నవాళ్లు నాలుగు చోట్లకి ఫోన్ చేసి, ఎవరూ సరేననక విసిగిపోయి, చివరికి తూకానికే ఒప్పుకుంటారు. అలా ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కంప్యూటర్ మాన్యువల్, విండోస్ 98 గైడ్ ఒకే గోనెసంచిలో వెళ్లిపోతాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

మొత్తాన్ని ఒకే చోట దింపేయాలనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. కంప్యూటర్ పుస్తకాలు అన్నీ ఒకే వేగంతో పాతబడవు. కెర్నిగన్, రిచీ రాసిన సీ ప్రోగ్రామింగ్ భాష పుస్తకం రెండో ఎడిషన్ 1988లో వచ్చింది, దాన్ని ఈరోజు కూడా విద్యార్థి చేతిలో పెట్టొచ్చు. 2005లో కొన్న, జావా వెబ్‌సైట్లు కట్టడానికి వాడిన స్ట్రట్స్ పుస్తకాన్ని పెట్టలేం. అందుకే ఎవరికి ఇవ్వాలో ఆలోచించే ముందు, ఏది ఎలాంటి పుస్తకమో తేల్చుకోవాలి. నేలమీద దుప్పటి పరిచి మూడు కుప్పలు వేయండి.

మూడు కుప్పలు

మొదటిది ఆలోచనల కుప్ప. అల్గారిదమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్క్‌లు, డేటాబేస్ సిద్ధాంతం, డిస్క్రీట్ మ్యాథ్స్ ఇందులోకి వస్తాయి. అల్గారిదమ్స్ మీద నూత్ సంపుటాలు 1968లో మొదలయ్యాయి, కంపైలర్ల మీద డ్రాగన్ బొమ్మ ఉన్న పుస్తకం 1986ది, ఇంటర్నెట్ నియమాల మీద స్టీవెన్స్ టీసీపీ/ఐపీ మొదటి సంపుటం 1994ది. వీటిలో కొన్ని అధ్యాయాలు పాతబడి ఉండొచ్చు గానీ అసలు విషయం పాతబడలేదు. టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్‌తో సహా అచ్చు వేసిన పుస్తకం చదివి, 1991లో టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. అలాంటి పుస్తకం పాత ఎడిషనైనా ఒక మంచి విద్యార్థికి చాలా ఇస్తుంది. యునిక్స్ షెల్, ఆక్, వీఐ లాంటి పనిముట్లు, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మౌలికాంశాలు కూడా ఈ కుప్పలోకే.

ఈ కుప్పలో చాలామంది ఊహించనివి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద వాడే కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ పుస్తకాలు. వైటూకే (2000 సంవత్సరం తేదీల సమస్య) రోజుల్లో అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్ల ఇళ్లలో ఇవి గుట్టలుగా ఉంటాయి. పెద్ద బ్యాంకులు, బీమా సంస్థల మెయిన్‌ఫ్రేమ్‌లలో ఇప్పటికీ కోబాల్ నడుస్తోంది, పాత ప్రోగ్రామ్ కొత్త యంత్రంలోనూ నడిచేలా ఐబీఎం చూసుకుంటూ వచ్చింది. అందుకే 1985 నాటి కోబాల్ పుస్తకం 2003 నాటి జావా ఈజేబీ పుస్తకం కన్నా ఎక్కువగా పనికొస్తుంది. వాటిని పారేయకండి.

రెండోది వెర్షన్ల కుప్ప. కవర్ మీద ఒక ప్రాడక్ట్ పేరు, పక్కన ఒక నంబర్ ఉంటే చాలావరకు ఇందులోదే. విజువల్ బేసిక్ 6, ఒరాకిల్ 8ఐ, డెవలపర్ 2000, ఫాక్స్‌ప్రో, పవర్‌బిల్డర్, లోటస్ 1-2-3, విండోస్ 95, ఫ్రంట్‌పేజ్ లాంటివి. వీటితో పాటు, చూడటానికి బాగానే కనిపించి హాని చేసే పుస్తకాలు కొన్ని ఉంటాయి. సీ++కి అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది. అంతకు ముందరి పుస్తకాలు ప్రోగ్రామ్ మొదట్లో ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్ అనే పాత ఫైలు పేరు రాయిస్తాయి, ఇప్పటి కంపైలర్ దాన్ని తీసుకోదు. 2004కి ముందు జావా పుస్తకాల్లో జెనరిక్స్ (ఒకే కోడ్‌ను వేర్వేరు రకాల డేటాకు వాడే వీలు) ఉండవు. వెప్‌తో వైఫైకి రక్షణ కల్పించుకోమని, పాస్‌వర్డ్‌లకు ఎండీ5 వాడమని, అంటే తేలిగ్గా ఛేదించగల పాత పద్ధతులు వాడమని చెప్పే సెక్యూరిటీ పుస్తకాలు మరీ ప్రమాదం. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు అచ్చులో ఉన్నది నిజమే అనుకుంటాడు.

మూడోది చరిత్ర కుప్ప. ఇది చిన్నదిగా ఉంటుంది, కానీ ఎక్కువ జాగ్రత్త దీనికే కావాలి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో మొదలైంది. 1969లో టీడీసీ-12, ఆ తర్వాత 1970ల్లో టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లు ఇక్కడ తయారయ్యాయి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక ఇక్కడ మిగిలిన ఐబీఎం యంత్రాల మెయింటెనెన్స్ ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. ఈ సంస్థల్లో పనిచేసినవాళ్ల అటక మీద మాన్యువల్స్, ట్రైనింగ్ నోట్సు, సర్క్యూట్ డ్రాయింగ్‌లు ఉండే అవకాశం ఉంది. ఇవి మార్కెట్లో అమ్మిన పుస్తకాలు కావు, ఉన్న కాపీలే కొద్ది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జిరాక్స్ షాపుల్లో అమ్మిన చేతిరాత నోట్సు, ఎన్ఐఐటీ, ఆప్టెక్ కోర్స్ మెటీరియల్ కూడా ఇందులోకే చేరుస్తాను. తెలుగు జిల్లాల నుంచి ఒక తరం మొత్తం అమెరికా దాకా వెళ్లింది ఆ నోట్సు చదువుకునే. తెలుగులో వచ్చిన కంప్యూటర్ పుస్తకాలు, 'కంప్యూటర్ ఎరా' లాంటి పత్రికల సంచికలు, పేజ్‌మేకర్‌తో తెలుగు డీటీపీ నేర్పిన చిన్న పుస్తకాలు, సీడీలతో సహా ఉన్న 'పీసీక్వెస్ట్', 'లినక్స్ ఫర్ యూ' సంచికలు, ఇవన్నీ పక్కన పెట్టండి. ఇంటర్నెట్ సరిగా లేని 1990ల్లో మన దగ్గర ఎంతోమందికి లినక్స్ అందింది పీసీక్వెస్ట్ సీడీల మీదే. కాబట్టి పత్రికనూ సీడీనీ విడదీయొద్దు.

ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీ

ఎక్కువమంది ముందుగా అనుకునేది ఇదే. ఆలోచనల కుప్పకు ఇది మంచి చోటు, మిగతా రెండింటికీ కాదు.

లైబ్రేరియన్ ఎందుకు వెనకాడతారో ముందు తెలుసుకోవాలి. ఒక పుస్తకాన్ని అక్సెషన్ రిజిస్టర్‌లో (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల నమోదు పుస్తకంలో) ఎక్కించారంటే ఇక దాని బాధ్యత ఆయనదే. నంబర్ వేయాలి, కేటలాగ్ చేయాలి, ఏటా స్టాక్ వెరిఫికేషన్‌లో చూపించాలి. తీసేయాలంటే కమిటీ, సంతకాలు కావాలి. అందుకే "ఆరు వందల పుస్తకాలున్నాయండీ, బండి పంపిస్తాను" అంటే ఎవరైనా వద్దనే అంటారు. "మీ సిలబస్‌లో ఉన్న నలభై పుస్తకాలున్నాయి, జాబితా పంపుతున్నాను, కావలసినవి టిక్ పెట్టండి" అంటే మాట వేరుగా ఉంటుంది.

ఆ జాబితా తయారు చేయడానికి దారి ఉంది. జేఎన్‌టీయూ సిలబస్ పీడీఎఫ్‌లలో, హైదరాబాద్‌ది అయినా కాకినాడది అయినా, ప్రతి సబ్జెక్టు చివర టెక్స్ట్ బుక్స్, రిఫరెన్స్ బుక్స్ పేర్లు ఉంటాయి. మీ ఆలోచనల కుప్పను వాటితో సరిచూసుకోండి. రచయిత, పేరు, ఎడిషన్, ఏడాది, ఐఎస్‌బీఎన్, పుస్తకం పరిస్థితి, ఈ ఆరూ ఎక్సెల్‌లో ఉంటే చాలు. ఐఎస్‌బీఎన్ టైపు చేసే ఓపిక లేకపోతే షెల్ఫ్ వారీగా పుస్తకాల వెన్నులు కనిపించేలా ఫోటోలు తీసి పంపినా లైబ్రేరియన్‌కు అంచనా దొరుకుతుంది. బాగా పేరున్న పెద్ద కాలేజీల కన్నా జిల్లాల్లోని డిగ్రీ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు మేలని నా అభిప్రాయం. పెద్ద కాలేజీల్లో ఈ-బుక్ సబ్‌స్క్రిప్షన్లు ఉంటాయి. బీఎస్సీ కంప్యూటర్స్ చెప్పే చిన్న కాలేజీలో మంచి అల్గారిదమ్స్ పుస్తకం ఒక్కటి చేరినా దాన్ని చదివేవాళ్లుంటారు.

ప్రిన్సిపాల్‌కు రాసే ముందు సీఎస్ఈ డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్పే ఒకరితో మాట్లాడండి. ఆయన గానీ ఆమె గానీ "ఇవి మా పిల్లలకు కావాలి" అంటేనే పుస్తకాలు బయటికి తీసి వాడతారు. లేకపోతే మన ఇంట్లో పెట్టెలు వాళ్ల స్టోర్‌రూమ్‌లో పెట్టెలవుతాయి, అంతే.

ఊరి గ్రంథాలయం, ప్రభుత్వ బడి

ఇక్కడ నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. "మా ఊరి బడికి ఇద్దాం, పాపం పిల్లలు చదువుకుంటారు" అనే మనసు మంచిదే. కానీ వెర్షన్ల కుప్పను ఊరి బడికి పంపడం సాయం కాదు. కంప్యూటర్ ల్యాబ్ సరిగా లేని చోట పిల్లలకు విండోస్ 98 పుస్తకం ఇస్తే, తమకు ఇది చాలని ఎవరో అనుకున్నారని వాళ్లకు అర్థమవుతుంది. మన పిల్లలకు ఇవ్వని పుస్తకం ఇంకొకరి పిల్లలకు ఇవ్వకూడదు.

జిల్లా, పట్టణ గ్రంథాలయాల పరిస్థితి వేరు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒక ఉదయం వెళ్లి చూడండి. కుర్చీలన్నీ గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లతో నిండి ఉంటాయి. వాళ్లకు ఈ ఏడాది ఎడిషన్లే కావాలి. కంపైలర్ సిద్ధాంతం అక్కడ అలమారలో చోటు పట్టుకుని ఉండటం తప్ప ఏం చేయదు. బడికి ఇవ్వాలనే ఉంటే లెక్కలు, పజిల్స్, తర్కం మీద తేలిక పుస్తకాలు, కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో బొమ్మలతో చెప్పేవి ఏరి ఇవ్వండి. అవి కూడా ముందు టీచరుకు చూపించి ఇవ్వండి.

నేరుగా చదివేవాళ్ల చేతికి

ఆలోచనల కుప్పకు అన్నింటికన్నా మంచి దారి ఇదే. పనీ ఎక్కువే, ఫలితమూ ఎక్కువే. కావాలని అడిగి తీసుకున్నవాడు చదువుతాడు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని రెండున్నాయి. లైబ్రరీ చేయలేని చోట ఆ పని మనమే చేయొచ్చు.

పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు, ఆఫీసు గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే స్వేచ్ఛ లాంటి సంస్థల విద్యార్థులు, ఇక్కడ మొదలుపెట్టండి. ఒకేసారి జాబితా మొత్తం వేస్తే ఎవరూ చదవరు. ఈ వారం ఆపరేటింగ్ సిస్టమ్స్, వచ్చే వారం నెట్‌వర్క్‌లు అని విడతలుగా వేయండి. ప్రతి పుస్తకం పక్కన ఒక వాక్యం రాయండి, "మూడో చాప్టర్ కోసమే దాచుకోవచ్చు" అన్నంత చాలు. ఆ వాక్యం మీకు తప్ప ఇంకెవరికీ రాయడం రాదు.

దూరంలో ఉన్నవాళ్లకు పంపాలంటే పోస్టాఫీసు చవక. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాల కోసం 'జ్ఞాన్ పోస్ట్' మొదలుపెట్టింది. మొదట ప్రకటించిన ధరల ప్రకారం 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది, రోడ్డు, రైలు మార్గాన వెళ్తుంది కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది. వెయ్యి పేజీల పుస్తకం ఒకటిన్నర కిలో పైనే తూగుతుంది, అంటే ఒక పార్సిల్‌లో మూడు పడతాయి. పోస్టు ఖర్చు తీసుకునేవాళ్లే పెట్టుకోవాలని ముందే చెప్పండి. ఆ వంద రూపాయలు పెట్టడానికి సిద్ధపడ్డారంటే నిజంగా చదవాలని ఉందన్నమాట. పెట్టెలకు పెట్టెలు ఇంకో ఊరికి పంపేటప్పుడు ఆర్టీసీ కార్గో ధర కూడా అడిగి చూడండి.

అబిడ్స్, కోఠి, లెనిన్ సెంటర్

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచేవాళ్లకు, కోఠిలో పాత ఇంజినీరింగ్ పుస్తకాలు అమ్మేవాళ్లకు, విజయవాడ లెనిన్ సెంటర్ షాపులవాళ్లకు ఏది కదులుతుందో మనకన్నా బాగా తెలుసు. అక్కడ పుస్తకాలకు రచయితల పేర్లే పేర్లు. బాలగురుస్వామి, కనేట్కర్, గాల్విన్, కోర్త్ అంటే చాలు, ఏ సబ్జెక్టో చెప్పక్కర్లేదు. లైబ్రరీ వద్దన్న మామూలు టెక్స్ట్‌బుక్స్‌కు ఇది చాలా మంచి చోటు. తక్కువ డబ్బుకు కొనుక్కునే విద్యార్థి దగ్గరికే పుస్తకం వెళ్తుంది. నాకు ఇందులో చిన్నతనం ఏమీ కనిపించదు. ఈ వ్యాపారులే లేకపోతే మన దగ్గర సగం మంది ఇంజినీర్లకు పుస్తకాలు ఉండేవి కావు.

ఒక్కటి గుర్తుంచుకోండి. వాళ్లు సాధారణంగా మొత్తం లాట్‌కు ఒక ధర చెబుతారు. లాట్‌గా ఇస్తే నూత్ సంపుటానికీ లోటస్ గైడ్‌కూ ఒకటే విలువ కడతారు. చరిత్ర కుప్పను, మీరు చేతికి ఇవ్వాలనుకున్నవాటిని ముందే తీసేసి, ఆ తర్వాతే పిలవండి.

డబ్బు గురించి ఆశలు పెంచుకోవద్దు. విదేశాల్లో కొన్ని పాత కంప్యూటర్ పుస్తకాలకు మంచి ధర పలుకుతుందని విని చాలామంది ఆశపడతారు. ధర పలికేది మొదటి ముద్రణలకు, విదేశంలో అచ్చయిన గట్టి అట్ట కాపీలకు. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా, టాటా మెక్‌గ్రాహిల్, బీపీబీ వాళ్ల చవక భారతీయ ముద్రణలు. చదువుకోవడానికి అవి ఎంతో మేలు చేశాయి, సేకరించేవాళ్లు మాత్రం వాటిని అడగరు. ఇంప్రింట్ పేజీ తిప్పి ముద్రణ ఏడాది, దేశం చూస్తే తేలిపోతుంది.

చరిత్ర కుప్ప ఎక్కడికి

ఇక్కడ తొందర పనికిరాదు. డీఈసీ, ఐబీఎం లాంటి అమెరికన్ కంపెనీల యంత్రాల మాన్యువల్స్ అయితే, బిట్‌సేవర్స్ అనే సైట్‌లో ముందు వెతకండి. పాత కంప్యూటర్ మాన్యువల్స్ స్కాన్లు అక్కడ విస్తారంగా ఉన్నాయి. అక్కడ ఉంటే మీ కాపీ కోసం అంత కష్టపడనక్కర్లేదు. పుస్తకాలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ఓపెన్ లైబ్రరీలో చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అచ్చు పుస్తకాలను కూడా తీసుకుంటుంది, కానీ భారత్ నుంచి కాలిఫోర్నియాకు పంపే ఖర్చు పుస్తకాల విలువను మించిపోతుంది. బెంగళూరు కేంద్రంగా 'సర్వెంట్స్ ఆఫ్ నాలెడ్జ్' అనే స్వచ్ఛంద బృందం పుస్తకాలు స్కాన్ చేసి అదే ఆర్కైవ్‌లో పెడుతోంది. మన దగ్గర్నుంచి అడగడానికి వాళ్లే దగ్గర.

స్కాన్ చేసి ఎక్కడ పడితే అక్కడ పెట్టేయొచ్చా అంటే, కుదరదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. కంప్యూటర్ పుస్తకాలేవీ దాదాపుగా ఆ గడువు దాటలేదు. తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ కాపీ చేసుకునే వీలు 2012 సవరణతో వచ్చింది. వ్యక్తులుగా మనకు ఆ వీలు లేదు. కాబట్టి అసలు కాపీని ఒక సంస్థకు చేర్చడమే సరైన దారి.

ఈసీఐఎల్, సీఎంసీ కాగితాలను ఆ యంత్రాలు వాడిన యూనివర్సిటీల కంప్యూటర్ సైన్స్ విభాగాలకు, ఇక్కడి సైన్స్ చరిత్ర మీద పనిచేసే పరిశోధకులకు చూపించండి. సంస్థ అంతర్గత పత్రాలేవైనా ఉంటే, వాటిని బయటికి ఇవ్వొచ్చో లేదో ముందు తేల్చుకోండి. కాగితంతో పాటు ఒక పేజీ మీరు రాసి పెట్టండి: ఎవరు ఏ ఏళ్లలో ఏ యంత్రం మీద పనిచేశారు, ఈ మాన్యువల్ ఎలా చేతికొచ్చింది. అది లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఆ కట్ట ఏమిటో ఎవరికీ అర్థం కాదు. పెద్దాయన బతికి ఉంటే ఆయన పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ అరగంట మాటలు పుస్తకం కన్నా విలువైనవి కావచ్చు.

తెలుగు కంప్యూటర్ పత్రికలకు వేరే దారి ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం తెలుగు పత్రికల పాత సంచికలు భద్రపరిచే చోట్లు. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నాయో, ఏవి లేవో రాసి అడగండి. వరుస తెగకుండా రెండేళ్ల సంచికలు ఉంటే, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న యాభై సంచికల కన్నా వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

అమెరికాలో గ్యారేజీ నిండా ఉన్నవాళ్లకు

డల్లస్‌లోనో శాన్ హొసేలోనో ఉన్నవాళ్లు ఇండియాకు కంటైనర్‌లో పంపాలనుకుంటారు. వద్దు. అవే పుస్తకాల భారతీయ ముద్రణలు కోఠిలో దొరుకుతున్నాయి. అక్కడి లైబ్రరీలకు తోడ్పడే ఫ్రెండ్స్ ఆఫ్ ది లైబ్రరీ సంఘాల పుస్తకాల అమ్మకాలకు ఇవ్వండి. చాలా చోట్ల పాత కంప్యూటర్ పుస్తకాలు తీసుకోమని ముందే రాసి ఉంటుంది కాబట్టి ఆలోచనల కుప్పనే తీసుకెళ్లండి. అమెరికా లోపల పంపడానికి అక్కడి పోస్టాఫీసు మీడియా మెయిల్ చవక. నిజంగా అరుదైనవి ఉంటే మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి ముందు వివరాలు రాసి అడగాలి. వాళ్లు ఏరి తీసుకుంటారు, పెట్టెలు తీసుకెళ్లి గుమ్మంలో పెట్టకూడదు.

ఏది ముందు, ఏది తర్వాత

నన్నడిగితే చరిత్ర కుప్ప గురించి ఉత్తరాలు అన్నింటికన్నా ముందు రాయండి. జవాబులు రావడానికి నెలలు పడుతుంది. ఆ లోపల విద్యార్థులకు విడతలుగా ఇస్తూ ఉండండి, మిగిలినవాటి జాబితా కాలేజీకి పంపండి. కాలేజీ నలభై అడిగితే నలభయ్యే ఇవ్వండి, "ఇవి కూడా పెట్టేసుకోండి" అని ఇంకో పెట్టె అంటగట్టొద్దు. ఆ తర్వాత అబిడ్స్ వ్యాపారిని ఇంటికి పిలవండి. రెండే వారాల్లో ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటే క్రమం మారుతుంది. చరిత్ర కుప్పను రెండు పెట్టెల్లో సర్ది బంధువుల ఇంట్లో ఉంచండి, మిగతాది మొత్తం వ్యాపారికి ఇచ్చేయండి. ఆరు వందల పుస్తకాలంటే అటూ ఇటూగా ఆరు వందల కిలోలు. టాటా ఏస్ బండి ఒక ట్రిప్పు సరిపోతుంది. పెట్టెలు చిన్నవి తీసుకోండి, పెద్ద పెట్టె నిండా పుస్తకాలు వేస్తే ఎత్తేవాళ్ల నడుం పడిపోతుంది.

ఇచ్చే ముందు ప్రతి పుస్తకం ఒకసారి దులపండి. జీతం స్లిప్పులు, పాస్‌వర్డ్ రాసిన చీటీలు, బ్యాంకు కాగితాలు రాలిపడతాయి. ఏదైనా కాలేజీ ముద్ర ఉన్న పుస్తకం దొరికితే అది ఆ కాలేజీకే వెళ్లాలి. చెద పట్టిన పుస్తకాన్ని ఏ లైబ్రరీకీ ఇవ్వొద్దు, మిగతావాటికి అంటుకుంటుంది.

వెర్షన్ల కుప్పను పాత పేపర్లవాళ్లకు వేయడానికి మనసు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పించుకోండి. వాటి పని అవి చేసేశాయి, ఉద్యోగాలు ఇప్పించాయి, ఇళ్లు కట్టించాయి. హైదరాబాద్‌లో ఐటీసీవాళ్ల 'వావ్' కార్యక్రమం కింద కూడా పాత కాగితం తీసుకుంటారు, అది పేపర్ మిల్లుకు ముడిసరుకవుతుంది. వేసేముందు వెనక అట్టకు అంటించిన సీడీలు, ఫ్లాపీలు, స్పైరల్ తీగలు, ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. సీడీలు, ఫ్లాపీలు ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు విడిగా ఇవ్వాలి.